ప్రాసెస్ మైనింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి డేటా ఫైల్ ఎక్కించడం ఎలా? ఫైల్ అడగడం నుంచి చివరి తనిఖీ వరకు

"ఫైల్ ఇంపోర్ట్ అయ్యింది, ఎర్రర్ ఏమీ రాలేదు. కానీ మ్యాప్‌లో పేమెంట్ ముందు, బిల్లు తర్వాత వస్తోంది. ఎక్కడ తప్పు జరిగింది?" ప్రాసెస్ మైనింగ్ అంటే సిస్టమ్‌లో నమోదైన రికార్డుల నుంచి ఒక ప్రక్రియ నిజంగా ఏ వరుసలో జరుగుతోందో మ్యాప్‌గా గీసి చూడటం. దాన్ని కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు మొత్తం పనిని వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ఎర్రర్ వచ్చి ఆగిపోయిన ఇంపోర్ట్ గురించి టెన్షన్ అక్కర్లేదు. అది ఎక్కడ ఆగిందో అదే చెబుతుంది, సరిచేసుకుంటాం. భయపడాల్సింది ఎర్రర్ లేకుండా తప్పుగా ఎక్కిన ఫైల్‌కే. దాని మీద రిపోర్టు తయారవుతుంది, మీటింగ్ జరుగుతుంది, ఎవరో ఒక ఉద్యోగి వల్ల ఆలస్యమవుతోందని తేల్చేస్తారు. నిజానికి ఆ ఆలస్యం తేదీ ఫార్మాట్‌లో పుట్టి ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఇంపోర్ట్ బటన్ నొక్కకముందు, నొక్కాక చేయాల్సిన పనుల గురించే ఉంటుంది.

ఉదాహరణగా కొనుగోలు ప్రక్రియను తీసుకుంటున్నాను: పీఓ (కొనుగోలు ఆర్డరు) తయారీ, ఆమోదం, సరుకు రాక, ఇన్‌వాయిస్, చెల్లింపు. మీరు వాడేది డిస్కో అయినా, సెలోనిస్ అయినా, ప్రామ్ అయినా, పైథాన్‌లో పీఎం4పై అయినా సూత్రాలు ఒకటే. స్క్రీన్లు మాత్రమే మారతాయి.

1. కేస్ అంటే ఏమిటో ముందు తేల్చుకోండి

ఈవెంట్ లాగ్‌కి, అంటే జరిగిన పనుల రికార్డు ఫైల్‌కి, మూడు కాలమ్‌లు తప్పనిసరి. కేస్ ఐడీ, యాక్టివిటీ, టైమ్‌స్టాంప్. అంటే ఏ పనికి సంబంధించింది, ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది. ఎవరు చేశారు, ఎంత మొత్తం, ఏ ప్లాంట్ అన్నవి ఉంటే విశ్లేషణ బాగుంటుంది, లేకపోయినా మ్యాప్ వస్తుంది.

వీటిలో ఎక్కువ ఆలోచించాల్సింది కేస్ ఐడీ గురించే. మన ఉదాహరణలో కేస్ ఏది? పీఓ నంబరా, పీఓలోని ఒక్కో లైన్ ఐటమా, లేక ఇన్‌వాయిస్ నంబరా?

ఒక పీఓలో మూడు ఐటమ్‌లు ఉన్నాయనుకోండి. సరుకు మూడు వేర్వేరు రోజుల్లో వచ్చింది. పీఓ నంబర్‌ను కేస్‌గా పెడితే "సరుకు రాక" మూడుసార్లు కనబడి, ఏదో పని మళ్లీ మళ్లీ చేస్తున్నట్టు లూప్ వస్తుంది. అది నిజమైన లూప్ కాదు. లైన్ ఐటమ్‌ను కేస్‌గా పెడితే ఆ లూప్ పోతుంది, కానీ పీఓ మొత్తానికి ఒకేసారి జరిగిన ఆమోదం మూడు కేసుల్లోనూ కనబడుతుంది. ఒక్క ఆమోదం మూడుగా లెక్కకు వస్తుంది.

రెండింటిలో ఏదో ఒక ఇబ్బంది తప్పదు. మీ ప్రశ్న ఏదో దాన్ని బట్టి ఎంచుకోండి. సరుకు ఆలస్యం తెలుసుకోవాలంటే లైన్ ఐటమ్, ఆమోదాల పనిభారం చూడాలంటే పీఓ. ప్రాసెస్ మైనింగ్ చేసేవాళ్లకు పెట్టే పోటీ బీపీఐ ఛాలెంజ్. 2019లో దానికి ఇచ్చిన కొనుగోలు డేటాలో కూడా లైన్ ఐటమ్‌నే కేస్‌గా తీసుకున్నారు. ఆ లాగ్‌లో 2,51,734 కేసులు, 15,95,923 ఈవెంట్లు ఉన్నాయి.

ఈ ఇబ్బంది లేకుండా ఒకే ఈవెంట్‌ను పలు వస్తువులకు (పీఓ, లైన్, ఇన్‌వాయిస్ లాంటివాటికి) కలిపే ఓసెల్ అనే ఫార్మాట్ ఉంది. మొదటి ప్రాజెక్టుకి దాని జోలికి వెళ్లొద్దని నా సలహా. ఒక్క కేస్ ఐడీతో చేయి తిరిగాక అటు వెళ్లండి.

2. డేటా అడిగేటప్పుడే సరిగ్గా అడగండి

ఐటీ టీమ్‌కి "ఏప్రిల్ నుంచి జూన్ వరకు డేటా ఇవ్వండి" అని మెయిల్ పెడతాం. వాళ్లు ఆ మూడు నెలల్లో జరిగిన ఈవెంట్లన్నీ ఇస్తారు. మార్చిలో మొదలైన పీఓలకు తల ఉండదు, జూన్ చివర్లో మొదలైనవాటికి తోక ఉండదు. మ్యాప్‌లో కొన్ని కేసులు నేరుగా ఇన్‌వాయిస్‌తో మొదలైనట్టు కనబడతాయి. పీఓ లేకుండా కొంటున్నారని ఎవరైనా పొరపాటు పడతారు.

ఇలా అడగండి: "ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 మధ్య తయారైన పీఓ లైన్లన్నీ తీయండి. ఆ లైన్లకు సంబంధించిన ఈవెంట్లు ఈ రోజు వరకు జరిగినవన్నీ ఇవ్వండి." వాక్యం చిన్నదే, కానీ తల తెగిన కేసుల సమస్య పోతుంది. ఇంకా పూర్తికాని కేసులు ఉంటాయి. వాటిని టూల్‌లో ఫిల్టర్ చేసుకోవచ్చు.

మెయిల్‌లో ఇవి కూడా రాయండి:

- ఫైల్ సీఎస్‌వీ, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8. వాళ్ల సిస్టమ్ జెస్ (ఈవెంట్ లాగ్‌ల కోసమే ఉన్న ఫార్మాట్) ఇవ్వగలిగితే ఇంకా మంచిది.
- తేదీ సంవత్సరం-నెల-రోజు వరుసలో, సమయం 24 గంటల పద్ధతిలో, సెకన్లతో.
- సమయం ఏ టైమ్ జోన్‌లో ఉందో ఒక ముక్క.
- మొత్తం ఎన్ని రోలు, ఎన్ని కేసులు ఉన్నాయో సోర్స్‌లోనే లెక్కించి పంపాలి. చివరి తనిఖీకి ఇదే ఆధారం.
- ఉద్యోగుల పేర్లు, ఫోన్ నంబర్లు వద్దు. వాటి స్థానంలో కోడ్. ఒకే మనిషికి అన్ని ఫైళ్లలోనూ ఒకే కోడ్ రావాలి.

చివరిది తేలిగ్గా తీసుకోకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైనది, ప్రక్రియను చూద్దామని మొదలుపెట్టిన పని మనుషుల మీద నిఘాగా మారకూడదు.

ఫైల్ రాగానే మొదటి పని: దాన్ని "ఒరిజినల్" అనే ఫోల్డర్‌లో పెట్టి రీడ్-ఓన్లీ చేయండి. ఇక దాన్ని తెరవొద్దు. మీ మార్పులన్నీ కాపీలోనే చేయండి.

3. ఒక ఈవెంట్‌కి ఒక రో

మనకు కావాల్సిన ఫైల్ ఇలా ఉండాలి:

పీఓ లైన్ | యాక్టివిటీ | సమయం | ఎవరు
4500012345-00010 | పీఓ తయారీ | 2024-04-03 10:12:07 | యూ014
4500012345-00010 | పీఓ ఆమోదం | 2024-04-03 16:40:55 | యూ002
4500012345-00010 | సరుకు రాక | 2024-04-09 11:05:31 | యూ031
4500012345-00010 | ఇన్‌వాయిస్ నమోదు | 2024-04-12 09:12:07 | యూ022

చాలా ఆఫీసుల్లో దొరికేది ఇలా ఉండదు. ఒక పీఓకి ఒక రో ఉండి, పక్కన తయారీ తేదీ, ఆమోదం తేదీ, సరుకు తేదీ అంటూ కాలమ్‌లు పరుచుకుని ఉంటాయి. దాన్ని నిలువుగా మార్చాలి. ఎక్సెల్‌లోని పవర్ క్వెరీలో "అన్‌పివట్ కాలమ్స్" ఇదే పని చేస్తుంది. తేదీ కాలమ్‌లన్నీ సెలెక్ట్ చేసి అన్‌పివట్ చేస్తే కాలమ్ పేరు యాక్టివిటీ అవుతుంది, అందులోని విలువ టైమ్‌స్టాంప్ అవుతుంది. తేదీ ఖాళీగా ఉంటే ఆ పని ఇంకా జరగలేదని అర్థం, కాబట్టి ఆ రో ఉండకూడదు.

అయితే ఇలాంటి ఫైల్‌లో ఒక లోటు ఉంటుంది. ఆమోదం రెండుసార్లు జరిగితే మొదటి తేదీ మీద రెండో తేదీ రాసేస్తారు. తిరస్కరించి మళ్లీ పంపిన చరిత్ర అంతా పోతుంది. రీవర్క్ (చేసిన పనే మళ్లీ చేయడం) చూడటమే మీ ఉద్దేశమైతే ఈ ఫైల్ పనికిరాదు, మార్పుల లాగ్ కావాలి. శాప్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో అయితే సీడీహెచ్‌డీఆర్, సీడీపీఓఎస్ టేబుళ్లలో ఆ మార్పులు ఉంటాయి. వాటినే అడగండి.

4. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవొద్దు

నా చేతుల్లో ఎక్కువ ఫైళ్లు చెడిపోయింది ఇక్కడే, అందుకే కాస్త ఆగి చెబుతాను.

సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ తెరుచుకుంటుంది. ఏ కాలమ్ ఏమిటో అదే ఊహించుకుని మార్చేస్తుంది. చూసి సేవ్ నొక్కితే ఆ మార్పులే ఫైల్‌లో స్థిరపడతాయి. చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఒకసారి నాకు కంపెనీ కోడ్, పీఓ నంబర్, లైన్ నంబర్ కలిపి చేసిన కేస్ ఐడీతో ఒక ఫైల్ వచ్చింది. 1000, 4500012345, 00010 కలిస్తే 1000450001234500010. మొత్తం 19 అంకెలు. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే ఖచ్చితంగా ఉంచుకుంటుంది, మిగతావి సున్నాలు చేస్తుంది. కాబట్టి అది 1000450001234500000 అయ్యింది. 00020 లైన్ కూడా అదే అయ్యింది, 00030 కూడా అదే. మూడు లైన్లు ఒక్క కేస్‌లో కలిసిపోయాయి. మ్యాప్ నిండా లూపులు. వాటికి కారణాలు వెతుకుతూ రెండు రోజులు గడిపాను. చివరికి కేసుల సంఖ్యను సోర్స్‌తో పోల్చినప్పుడు బయటపడింది. ఆ పోలిక మొదటి గంటలోనే చేసి ఉంటే సరిపోయేది.

ఎక్సెల్ వల్ల జరిగే మిగతా నష్టాలు:

- ముందున్న సున్నాలు పోతాయి. 00010 కాస్తా 10 అవుతుంది. శాప్ నుంచి వచ్చే సమయం 091207 అని ఉంటే, అంటే ఉదయం 9:12:07, అది 91207 అవుతుంది. ఉదయం పది లోపు జరిగిన ఈవెంట్లే చెడిపోతాయి కాబట్టి శాంపిల్ చూస్తే దొరకదు.
- సెకన్లు పోతాయి. తెర మీద గంట, నిమిషం మాత్రమే కనబడుతుంటే సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడు అంతవరకే రాస్తుంది. ఒకే నిమిషంలో జరిగిన మూడు పనుల వరుస ఇక తెలియదు.
- రోలు పోతాయి. ఒక షీట్‌లో 10,48,576 రోలే పడతాయి. పైన చెప్పిన 2019 లాగ్‌ను ఒక షీట్‌లో తెరిచి సేవ్ చేస్తే దాదాపు ఐదున్నర లక్షల ఈవెంట్లు మాయం.

చేయాల్సింది ఇది. ఫైల్‌ను చూడాలంటే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లాంటి టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. ఎక్సెల్‌లోనే పని చేయాల్సి వస్తే డేటా మెనూలోని "ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ" దారిలో వెళ్లి, అన్ని కాలమ్‌లనూ టెక్స్ట్‌గా పెట్టుకోండి. పైథాన్‌లో అయితే పాండాస్‌తో చదివేటప్పుడు అన్ని కాలమ్‌లనూ ముందు స్ట్రింగ్‌గానే చదవండి. తేదీలుగా, సంఖ్యలుగా మార్చడం తర్వాత మీ చేతులతో, ఒక్కో కాలమ్ చొప్పున చేయండి. కేస్ ఐడీ భాగాల మధ్య ఒక గీత పెడితే, 4500012345-00010 లాగా, దాన్ని ఏ టూలూ సంఖ్య అనుకోదు.

5. తేదీ, సమయం

03-04-2024 అంటే మనకు ఏప్రిల్ 3. అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌కి మార్చి 4. ఆ కంప్యూటర్‌లో 13-04-2024 మాత్రం తేదీగానే చెల్లదు, 13వ నెల లేదు కదా. అంటే ఒకే ఫైల్‌లో నెలలో మొదటి 12 రోజుల తేదీలు తలకిందులవుతాయి, మిగతావి టెక్స్ట్‌గా ఉండిపోతాయి లేదా ఖాళీ అవుతాయి. దీన్ని పట్టుకోవడం తేలిక. ఎక్కించాక ఈవెంట్లను నెలలోని రోజు వారీగా లెక్కపెట్టండి. 12వ తేదీ తర్వాత ఒక్కసారిగా తగ్గిపోతే తేదీ ఫార్మాట్ తప్పినట్టే.

ఫార్మాట్‌ను టూల్ ఊహకు వదలకండి, మీరే చెప్పండి. ఇక్కడ ఒక చిక్కు. డిస్కోలో రాసే ప్యాటర్న్‌లో క్యాపిటల్ ఎం అంటే నెల, చిన్న ఎం అంటే నిమిషం. పైథాన్‌లో సరిగ్గా తారుమారు: చిన్న ఎం నెల, క్యాపిటల్ ఎం నిమిషం. రెండు టూళ్ల మధ్య తిరిగేవాళ్లు ఇక్కడ పొరబడతారు. ఈవెంట్లన్నీ జనవరిలోనే ఉన్నట్టు కనబడితే ముందు ఇదే చూడండి. అలాగే డిస్కో ప్యాటర్న్‌లో క్యాపిటల్ హెచ్ 24 గంటల పద్ధతి, చిన్న హెచ్ 12 గంటలది. ఫైల్‌లో ఏఎం, పీఎం లేకుండా 12 గంటల పద్ధతిలో సమయం ఉంటే దాన్ని బాగుచేసే దారి లేదు. మధ్యాహ్నం 2:15 పని ఉదయం 10 గంటల పని కంటే ముందుకు వెళ్లిపోతుంది. మళ్లీ ఫైల్ అడగడం ఒక్కటే మార్గం.

తేదీ మాత్రమే ఉన్న ఈవెంట్లు. పీఓ తయారీకి సమయం ఉంది, 10:12:07. ఇన్‌వాయిస్‌కి తేదీ మాత్రమే ఉంది. టూల్ దాన్ని అర్ధరాత్రి 00:00:00 అనుకుంటుంది. రెండూ ఒకే రోజు జరిగితే ఇన్‌వాయిస్ ముందు, పీఓ తర్వాత వస్తుంది. శాప్‌లో డాక్యుమెంట్ తేదీ వేరు, పోస్టింగ్ తేదీ వేరు, సిస్టమ్‌లో ఎంట్రీ చేసిన తేదీ వేరు. ఎంట్రీకి సమయం కూడా ఉంటుంది. పని వరుస కావాలంటే అదే అడగండి. అది అసలే దొరకకపోతే అన్ని ఈవెంట్లనూ రోజు స్థాయికి కుదించి, ఒకే రోజు జరిగినవాటి వరుసను నమ్మకుండా విశ్లేషించండి. కొందరు అలాంటి ఈవెంట్లకు 23:59:59 పెడతారు. అలా చేస్తే ఆ విషయం రిపోర్టులో రాయాలి, ఎందుకంటే గంటల లెక్కలన్నీ మారిపోతాయి.

టైమ్ జోన్. ఈఆర్‌పీ (శాప్ లాంటి కంపెనీ ప్రధాన సాఫ్ట్‌వేర్) భారత సమయంలో ఉంది, వెండర్ పోర్టల్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది. రెండూ కలిపితే పోర్టల్ ఈవెంట్లన్నీ ఐదున్నర గంటలు ముందే జరిగినట్టు కనబడతాయి. మధ్యాహ్నం 12:30కి పీఓ పంపితే, సాయంత్రం 4 గంటలకు వెండర్ ఒప్పుకున్న రికార్డు 10:30 అని ఉంటుంది. పంపకముందే ఒప్పుకున్నట్టు! రెండు సోర్స్‌లు కలిపేముందు రెండింటినీ ఒకే జోన్‌కి తెచ్చుకోండి.

దొంగ తేదీలు. 01-01-1900, 31-12-9999 లాంటివి ఖాళీ బదులు సిస్టమ్ పెట్టినవి. 01-01-1970 ఉదయం 05:30 కనబడితే అది సున్నా విలువ భారత సమయంలోకి మారిన రూపం. 2019 బీపీఐ లాగ్‌లో 1948 నాటి తేదీలు కూడా ఉన్నాయి. ఒక్క తప్పు తేదీ ఉన్నా సగటు వ్యవధి ఎక్కడికో వెళ్లిపోతుంది. ఎక్కించేముందు కనిష్ఠ, గరిష్ఠ తేదీలు చూడండి.

ఒకే సెకనులో జరిగినవి. సిస్టమ్ ఆటోమేటిక్‌గా చేసే పనుల్లో ఇది మామూలే. డిస్కో ఇలాంటప్పుడు ఫైల్‌లో ఉన్న వరుసనే ఉంచుతుంది. అందుకే ఫైల్‌ను ముందే కేస్, సమయం, పని సహజ క్రమం ప్రకారం సార్ట్ చేసి పెట్టుకోండి. సెలోనిస్‌లో దీనికోసం విడిగా సార్టింగ్ కాలమ్ ఇవ్వొచ్చు.

6. యాక్టివిటీ పేర్లు

సిస్టమ్ ఇచ్చే పేర్లు ఒకేలా ఉంటాయి. మనుషులు టైప్ చేసినవి ఉండవు. చివర ఒక స్పేస్ ఎక్కువున్నా టూల్‌కి అది వేరే యాక్టివిటీ. మ్యాప్‌లో ఒకే పేరుతో రెండు డబ్బాలు కనబడితే కారణం ఇదే.

తెలుగులో డేటా ఉన్న ఆఫీసులకు ఇంకో సమస్య ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. "ఇన్‌వాయిస్" అన్న మాటలో న పొల్లుకి, వా అక్షరానికి మధ్య కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే రెండూ కలిసి "ఇన్వాయిస్" అని వత్తుగా పడుతుంది. ఇంతవరకు కంటికి తేడా తెలుస్తుంది. కానీ "ఆమోదం పెండింగ్" లాంటి మాట చివర పొల్లు తర్వాత ఆ అక్షరం ఉన్నా, లేకపోయినా తెరమీద ఒకేలా కనబడుతుంది. ఒక కీబోర్డు దాన్ని చేరుస్తుంది, ఇంకోటి చేర్చదు. టూల్‌కి అవి రెండు వేర్వేరు పేర్లు. ఎంత తేరిపార చూసినా తేడా దొరకదు. పరిష్కారం: యాక్టివిటీ పేర్ల జాబితా తీసి, ప్రతి పేరుకీ ఒక చిన్న కోడ్ ఇచ్చి, ఆ కోడ్ ద్వారా ఒకే పేరుకి మార్చండి.

7. ఎన్‌కోడింగ్, డీలిమిటర్

వెండర్ పేర్లు, రిమార్కులు తెలుగులో ఉండి గజిబిజి లాటిన్ అక్షరాలుగా కనబడితే, ఫైల్ యూటీఎఫ్-8లో ఉంది, టూల్ వేరే ఎన్‌కోడింగ్‌లో చదువుతోంది. ఇంపోర్ట్ స్క్రీన్‌లో ఎన్‌కోడింగ్ మార్చండి, ఫైల్‌ను కాదు.

మొదటి కాలమ్ పేరు కళ్లెదుటే ఉన్నా "ఆ కాలమ్ లేదు" అని పైథాన్ అంటుంటే, ఫైల్ మొదట్లో బామ్ అనే కనబడని గుర్తు ఉంది. ఎన్‌కోడింగ్‌గా యూటీఎఫ్-8-సిగ్ ఇస్తే సరిపోతుంది.

కామా గురించి: 1,25,000 అన్న మొత్తం కోట్స్ లేకుండా ఉంటే సీఎస్‌వీలో అది మూడు కాలమ్‌లు. చిరునామాల్లో, రిమార్కుల్లో కామాలు, కొత్త లైన్లు కూడా ఇదే చేస్తాయి. డీలిమిటర్‌గా, అంటే కాలమ్‌లను విడదీసే గుర్తుగా, నిలువు గీత పెట్టమని అడగండి. యూరప్ నుంచి వచ్చే ఫైళ్లలో సెమీకోలన్ ఉంటుంది, దశాంశ బిందువు స్థానంలో కామా ఉంటుంది. రిమార్కుల కాలమ్ విశ్లేషణకు అక్కర్లేకపోతే తీసేయండి, సగం గొడవ తగ్గుతుంది.

8. ఇంపోర్ట్ స్క్రీన్ దగ్గర

ఇక్కడికి వచ్చేసరికి పని చాలావరకు అయిపోయింది.

- డిస్కో: ప్రతి కాలమ్‌పై క్లిక్ చేసి కేస్, యాక్టివిటీ, టైమ్‌స్టాంప్, రిసోర్స్, ఇతరం అని చెప్పాలి. టూల్ తనంతట తాను ఊహించి పెట్టినవి కూడా ఒక్కొక్కటీ చూడండి. రెండు కాలమ్‌లను కేస్‌గా పెడితే రెండూ కలిపి ఒక ఐడీ అవుతుంది, పీఓ నంబర్, లైన్ నంబర్ విడిగా ఉంటే ఇది హాయి. రెండు కాలమ్‌లను యాక్టివిటీగా పెట్టినా అంతే, కానీ అనుకోకుండా పెడితే వందల యాక్టివిటీలు పుడతాయి.
- పీఎం4పై: తేదీ కాలమ్‌ను ముందే తేదీగా మార్చి, ఫార్మాట్ డేటాఫ్రేమ్ ఫంక్షన్‌కి మూడు కాలమ్‌ల పేర్లు ఇవ్వండి.
- సెలోనిస్: ఈవెంట్లకు యాక్టివిటీ టేబుల్, కేస్ వివరాలకు కేస్ టేబుల్. రెండింటిలోనూ కేస్ కీ అచ్చంగా ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో 00010, ఇంకోదాంట్లో 10 ఉంటే రెండూ కలవవు.
- జెస్ ఫైల్: కాలమ్‌లు గుర్తించే పని లేదు, ఏది ఏమిటో ఫైల్‌లోనే ఉంటుంది. ఇది 2016లో ఐఈఈఈ ప్రమాణం అయ్యింది. అయితే ఒక పనికి మొదలు, ముగింపు రెండు ఈవెంట్లుగా ఉండొచ్చు. 2012 బీపీఐ లోన్ లాగ్‌లో అలాగే ఉంటాయి. అది గమనించకపోతే ఒకే పని రెండుసార్లు జరిగినట్టు లెక్కిస్తారు.

మొత్తం ఫైల్ ఎక్కించేముందు వంద కేసుల చిన్న ఫైల్‌తో ఒకసారి ప్రయత్నించండి. ఫైల్‌లో మొదటి వెయ్యి రోలు కాదు, వంద కేసుల అన్ని రోలూ. లేకపోతే కేసులు మధ్యలో తెగుతాయి.

9. ఎక్కిన వెంటనే: ఐదు లెక్కలు

మ్యాప్ చూడాలని మనసు లాగుతుంది. ఆగండి. ముందు ఇవి:

☐ ఈవెంట్ల సంఖ్య సోర్స్ ఇచ్చిన లెక్కకు సమానమా? ఎక్కువుంటే టేబుళ్లు కలిపినప్పుడు రోలు రెట్టింపయ్యాయి. తక్కువుంటే ఏవో రోలు టూల్ వదిలేసింది.
☐ కేసుల సంఖ్య సమానమా?
☐ మొదటి తేదీ, చివరి తేదీ మీరు అడిగిన కాలానికి సరిపోతున్నాయా?
☐ యాక్టివిటీలు ఎన్ని? పది ఉండాల్సిన చోట 340 ఉంటే ఏదో కాలమ్ తప్పు.
☐ మూడు కేసులు తీసుకుని, సోర్స్ సిస్టమ్‌లో అదే పీఓ తెరిచి, ఒక్కో ఈవెంట్ పక్కపక్కన పోల్చారా? అతి పొడవైన కేస్, అతి చిన్న కేస్, మామూలుది ఒకటి.

చివరిదానికి గంట పడుతుంది. ఆ పని చేసే ఉద్యోగి పక్కన కూర్చుని చేయండి. "ఇది అలా జరగదండీ, సరుకు రాకుండా మేం బిల్లు ఎక్కించం" అని ఆమె ఒక్క మాట అంటే, ఏ చార్టూ చూపించని తప్పు అక్కడే దొరుకుతుంది.

మీ సొంత డేటా ఇంకా చేతికి రాకపోతే నెదర్లాండ్స్‌లోని 4టీయూ రీసెర్చ్ డేటా సైట్‌లో సెప్సిస్ రోగుల లాగ్ ఉచితంగా దొరుకుతుంది. అక్కడి ఒక ఆసుపత్రిది. అందులో 1,050 కేసులు, 15,214 ఈవెంట్లు, 16 యాక్టివిటీలు ఉన్నాయి. దాన్ని సీఎస్‌వీగా మార్చి, మళ్లీ ఎక్కించి, ఈ మూడు సంఖ్యలూ తిరిగి వస్తున్నాయో లేదో చూడండి. వస్తే మీ పద్ధతి సరైనదే.

10. మ్యాప్ తేడాగా ఉంటే ఎక్కడ వెతకాలి

- ప్రతి కేస్‌లో ఒక్కటే ఈవెంట్ ఉంది: కేస్ ఐడీగా ఈవెంట్ నంబర్‌ను పెట్టారు.
- ఉన్నది ఒక్కటే పొడవాటి కేస్: కంపెనీ కోడ్ లాంటి అందరికీ ఒకటే అయిన కాలమ్‌ను కేస్‌గా పెట్టారు.
- ప్రక్రియ వెనక్కి నడుస్తోంది: రోజు, నెల తారుమారు, లేదా తేదీ మాత్రమే ఉన్న ఈవెంట్లు.
- ఉద్యోగులు తెల్లవారుజామున 4:30కి పని మొదలుపెడుతున్నారు: పదింటికి మొదలయ్యే ఆఫీసు అది, సమయం యూటీసీలో ఉంది.
- ఎటు చూసినా లూపులు: కేస్ ఐడీల్లో అంకెలు పోయాయి, లేదా పీఓ స్థాయిలో లైన్ ఈవెంట్లు కలిశాయి.
- వ్యవధులన్నీ సరిగ్గా రోజుల్లో వస్తున్నాయి, గంటలు సున్నా: సమయం ఉన్న భాగం ఇంపోర్ట్‌లో తెగిపోయింది.

11. వచ్చే నెల మళ్లీ ఎక్కించాలంటే

శుభ్రం చేసిన ప్రతి అడుగూ పవర్ క్వెరీలో గానీ, పైథాన్ స్క్రిప్ట్‌లో గానీ ఉంచండి. చేత్తో చేసిన మార్పు వచ్చే నెల గుర్తుండదు.

పాత ఫైల్‌కి కొత్త నెల రోలు కింద అతికించొద్దు. పోయిన నెల సగంలో ఉన్న కేసులు ఈ నెల ముందుకు కదిలి ఉంటాయి. కొన్ని పాత ఈవెంట్లు రద్దయి కూడా ఉండొచ్చు. వీలైతే మొత్తం కాలానికి ఫైల్ మళ్లీ తీయించండి. అంత పెద్ద ఫైల్ ఇవ్వలేమంటే, పోయిన నెల తర్వాత ఒక్క ఈవెంట్ అయినా కదిలిన కేసుల జాబితా తీయించి, ఆ కేసుల పాత రోలన్నీ తొలగించి, వాటి పూర్తి చరిత్రను కొత్తగా పెట్టండి.

ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ పెట్టుకోండి. ఫైల్ ఎప్పుడు వచ్చింది, ఏ షరతుతో తీశారు, టైమ్ జోన్ ఏది, సోర్స్‌లో ఎన్ని రోలు, ఎక్కినవి ఎన్ని, తొలగించినవి ఎన్ని, ఎందుకు. ఆరు లైన్లు చాలు. మూడు నెలల తర్వాత ఎవరైనా "ఈ 212 కేసులు ఎందుకు లేవు?" అని అడిగితే ఆ ఫైల్ తెరిచి చూపించొచ్చు.